ఇంటర్నెట్‌లో మీ ప్రైవసీని కాపాడుకోవడం ఎలా? ఏది ముందు, ఏది తర్వాత

“ఏ వీపీఎన్ మంచిది?”, “ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదు కదా?” ప్రైవసీ మాట ఎత్తగానే వచ్చే ప్రశ్నలు ఈ రెండే. (వీపీఎన్ అంటే మీ ఇంటర్నెట్ రాకపోకలని ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా పంపే సేవ. ఇన్‌కాగ్నిటో అంటే చూసినవి గుర్తుంచుకోని బ్రౌజర్ విండో.) జవాబులు కింద ఉన్నాయి, కానీ కావాలనే చివర్లో పెట్టాను. ఈమెయిల్‌కి ఎప్పటిదో పాత పాస్‌వర్డ్, సగం యాప్‌లకి అడగ్గానే ఇచ్చేసిన లొకేషన్ పర్మిషన్ అలాగే ఉంచి, పైన వీపీఎన్ పెట్టుకుంటే వీధి తలుపు బార్లా తీసి కిటికీకి గొళ్ళెం వేసినట్టే. అందుకని కింది పనులు ఇచ్చిన వరసలోనే చేయండి. అన్నీ ఒక్కరోజే అవ్వక్కర్లేదు. మొదటి మూడూ మాత్రం ఒకే విడతలో పూర్తి చేయండి. సగంలో వదిలేస్తే మీ అకౌంట్‌లోకి మీరే వెళ్ళలేని పరిస్థితి రావచ్చు.

ఒక హెచ్చరిక. మీ దగ్గరివాళ్ళే ఎవరో మీ ఫోన్‌ని గమనిస్తున్నారని, మిమ్మల్ని భయపెట్టి అదుపులో ఉంచుకుంటున్నారని అనిపిస్తే ఈ మార్పులు ఆ ఫోన్‌లో చేయకండి. పాస్‌వర్డ్ మారినా, లొకేషన్ ఆగినా అవతలివాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. ముందు నమ్మకమైన వాళ్ళ ఫోన్ నుంచి సహాయం అడగండి. మీరు క్షేమంగా ఉన్నాకే సెట్టింగుల సంగతి.

కావలసినవి

- మీ ఫోన్, వీలైతే ఒక కంప్యూటర్. రెండిట్లోనూ అప్‌డేట్లు పూర్తిచేసి ఉండాలి. పాత వెర్షన్ అయితే కింద చెప్పిన సెట్టింగులు కొన్ని కనిపించవు.
- కాగితం, పెన్ను. ఫోన్ చేతిలో లేనప్పుడు అకౌంట్‌లోకి వెళ్ళడానికి వాడే బ్యాకప్ కోడ్‌లు రాసుకోవడానికి. స్క్రీన్‌షాట్ పనికిరాదు, ఫోన్ పోతే అదీ పోతుంది.
- ఒక పాస్‌వర్డ్ మేనేజర్, అంటే మీ పాస్‌వర్డ్‌లన్నీ తాళం వేసి దాచే యాప్. బిట్‌వార్డెన్ ఉచితంగా దొరుకుతుంది. పాస్‌వర్డ్‌లు మీ కంప్యూటర్ దాటి వెళ్ళకూడదనుకుంటే కీపాస్‌ఎక్స్‌సీ వాడండి. కొత్త యాప్ ఎందుకనుకుంటే ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో ఇప్పటికే ఉన్నదైనా చాలు.
- ఒక ఆథెంటికేటర్ యాప్, అంటే లాగిన్‌కి కావలసిన కోడ్‌లు మీ ఫోన్‌లోనే తయారుచేసేది.
- తొందర లేని రెండు గంటలు.

1. మొదట ఈమెయిల్

“పాస్‌వర్డ్ మర్చిపోయాను” అని ఏ సైట్‌లో నొక్కినా లింకు వచ్చేది మీ ఈమెయిల్‌కే. మెయిల్ ఎవరి చేతికి చిక్కితే మిగతా అకౌంట్లన్నీ వాళ్ళ చేతికి చిక్కినట్టే. కాబట్టి మొదలు ఇక్కడే.

ముందు పాస్‌వర్డ్ మార్చండి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పెట్టుకుంటే గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం. పేరు, పుట్టినరోజు, ఫోన్ నంబరు, పిల్లల పేర్లు వద్దు. ‘ఏ’ బదులు ‘@’ పెట్టడం లాంటి తెలివి పాస్‌వర్డ్‌లు పగలగొట్టే ప్రోగ్రాములకి ఏనాడో తెలుసు.

తర్వాత రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ చూడండి. మీరు ఎప్పుడో వదిలేసిన నంబరు అక్కడ ఉంటే వెంటనే తీసేయండి. వదిలేసిన నంబర్లని కంపెనీలు కొంతకాలానికి ఇంకొకరికి ఇస్తాయి. ఆ ఇంకొకరికి మీ రికవరీ కోడ్ వెళ్తుంది.

చాలామంది వదిలేసేది ఇంకొకటి ఉంది. మెయిల్ సెట్టింగ్స్‌లో ‘ఫార్వర్డింగ్’, ‘ఫిల్టర్స్’ తెరిచి చూడండి. లోపలికి దూరినవాడు మీకు వచ్చే ప్రతి మెయిల్ కాపీ తనకి వచ్చేలా అక్కడ ఒక అడ్రసు పెట్టి వెళ్తాడు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ కాపీలు ఆగవు. మీకు తెలియని అడ్రసు ఒక్కటి కనిపించినా తీసేసి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి.

2. మిగతా పాస్‌వర్డ్‌లు

ఒకే పాస్‌వర్డ్‌ని అన్నిచోట్లా వాడటం అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. ఎక్కడో ఒక చిన్న సైట్ నుంచి పాస్‌వర్డ్‌లు బయటికి పోతే, అదే మెయిల్, పాస్‌వర్డ్ జతని పెద్ద సైట్లన్నిటిలో వరసగా ప్రయత్నించే ప్రోగ్రాములు ఉన్నాయి.

భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన ‘హావ్ ఐ బీన్ పోన్డ్’ సైట్‌లో మీ మెయిల్ అడ్రసు ఇవ్వండి. బయటపడిన ఏయే డేటాలో అది ఉందో చూపిస్తుంది. ఆ సైట్ల పాస్‌వర్డ్‌లు ముందు మార్చండి. తర్వాత బ్యాంకు, డబ్బు పంపే యాప్‌లు, సోషల్ మీడియా. మిగతావి మీరు లాగిన్ అయినప్పుడల్లా ఒక్కొక్కటి మార్చుకుంటూ పోవచ్చు. కొత్త పాస్‌వర్డ్ మీరు ఆలోచించవద్దు, మేనేజర్‌నే తయారుచేయనివ్వండి.

నెలనెలా పాస్‌వర్డ్ మార్చాలనే పాత సలహా పక్కన పెట్టండి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లోనే ఆ నియమం వద్దంది. ఊరికే మార్చమంటే జనం చివర ఒక అంకె మార్చి ఊరుకుంటారు. లీకైందని తెలిసినప్పుడు మాత్రం ఆ రోజే మార్చాలి.

3. రెండో తాళం

పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే ఈ పద్ధతిని ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ అంటారు. ముందు మెయిల్‌కి, తర్వాత డబ్బుకి సంబంధించిన వాటికి, ఆ తర్వాత సోషల్ మీడియాకి ఆన్ చేయండి. ఎస్ఎంఎస్, ఆథెంటికేటర్ రెండూ ఇస్తే ఆథెంటికేటర్ ఎంచుకోండి. అందులో 6 అంకెల కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. ఎస్ఎంఎస్‌కి ఉన్న బలహీనత సిమ్ స్వాప్: మీ పేరు చెప్పి మీ నంబరు మీద కొత్త సిమ్ తీసుకుంటే మెసేజీలన్నీ అటే పోతాయి. 2019 ఆగస్టులో అప్పటి ట్విటర్ అధిపతి జాక్ డోర్సీ ట్విటర్ అకౌంటే ఇలా చేజారింది. అయినా ఎస్ఎంఎస్ ఒక్కటే ఇస్తే అదే పెట్టుకోండి, ఏమీ లేకపోవడం కంటే ఎంతో నయం. ‘పాస్‌కీ’ (పాస్‌వర్డ్ బదులు మీ ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి) అవకాశం కనిపిస్తే ఇంకా మంచిది. నకిలీ సైట్‌లో అది పనిచేయదు కాబట్టి మోసపోయి టైప్ చేసే భయం ఉండదు.

ఆన్ చేయగానే బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు. గూగుల్ అయితే 10 ఇస్తుంది, ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి, ముఖ్యమైన పత్రాలు దాచేచోట దాచండి. ఈ మెట్టు దాటేసి, ఫోన్ పోయాక తల పట్టుకునేవాళ్ళు చాలామంది.

సరిచూసుకోవడం: వేరే బ్రౌజర్‌లో మీ మెయిల్ తెరవండి. పాస్‌వర్డ్ తర్వాత కోడ్ అడగాలి. అడగకపోతే సెట్టింగ్ సేవ్ కాలేదు.

4. ఫోన్‌లో యాప్ పర్మిషన్లు

ఈ పనికి తీరిక కావాలి, ఫలితం కూడా ఎక్కువే. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, పర్మిషన్ మేనేజర్. ఐఫోన్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ. మెనూ పేర్లు ఫోన్‌ని బట్టి కొంచెం మారతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో ‘పర్మిషన్’ అని కొట్టండి.

లొకేషన్ తెరిస్తే యాప్‌లు గుంపులుగా కనిపిస్తాయి. ‘అన్నివేళలా’ అనే గుంపులో ఉన్న ప్రతి యాప్ దగ్గరా ఆగి అడగండి: నేను వాడనప్పుడు కూడా నేనెక్కడున్నానో దీనికెందుకు? పోయిన ఫోన్‌ని వెతికిపెట్టే యాప్‌కి అవసరం. ఫోటోలకి రంగులద్దే యాప్‌కి, ఆటలకి, వార్తలకి అక్కర్లేదు. మ్యాప్‌లకి, బండి పిలిచే యాప్‌లకి ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ చాలు. వాతావరణం చెప్పే యాప్‌కి మీ ఇంటి గుమ్మం తెలియాల్సిన పనిలేదు, ‘ప్రిసైజ్ లొకేషన్’ ఆపేయండి. సుమారు ప్రాంతం తెలిస్తే వాన సంగతి చెప్పేస్తుంది.

పరుగు, నడక లెక్కపెట్టే యాప్‌ల దగ్గర మరీ జాగ్రత్త. తన యూజర్లు తిరిగిన దారులన్నీ కలిపి స్ట్రావా ఒక ప్రపంచ పటం పెట్టింది. అందులో సైనిక స్థావరాల లోపలి దారులు కూడా కనిపిస్తున్నాయని 2018 జనవరిలో బయటపడింది. పేర్లు లేవు, గీతలు మాత్రమే ఉన్నాయి. అయినా చాలింది. అలాంటి యాప్ వాడుతుంటే అందులో ఇంటి చుట్టుపక్కల భాగాన్ని దాచే సెట్టింగ్ ఉంటుంది, ఆన్ చేయండి.

కాంటాక్ట్స్ సంగతి వేరు. ఇక్కడ మీరిచ్చేది మీ సమాచారం కాదు, మీ ఫోన్‌లో ఉన్న ప్రతివాళ్ళ పేరూ నంబరూ. వాళ్ళెవరూ ఒప్పుకోలేదు. ఫోన్ చేసినవాళ్ళు ఎవరో చెప్పే యాప్‌లకి, అప్పులిచ్చే యాప్‌లకి ఈ పర్మిషన్ ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచించమని గట్టిగా అడుగుతున్నాను. కాంటాక్ట్స్ ఇస్తేనే అప్పిస్తానన్న యాప్‌ని తీసేయండి. రేపు వసూలుకి మీ బంధువులకి ఫోన్లు చేసేది ఆ జాబితా చూసే.

ఫోటోల విషయంలో కొత్త ఫోన్లలో ‘ఎంచుకున్నవి మాత్రమే’ అని ఉంటుంది. ఒక ప్రొఫైల్ ఫోటో పెట్టడానికి మొత్తం గ్యాలరీ తెరవక్కర్లేదు. కెమెరా, మైక్ కూడా ఇలాగే చూడండి.

చివరగా ప్రకటనల ఐడీ, అంటే ప్రకటనల కంపెనీలు మీ ఫోన్‌ని గుర్తుపట్టడానికి వాడే నంబరు. ఆండ్రాయిడ్‌లో ‘యాడ్స్’ సెట్టింగ్‌లోకి వెళ్ళి అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయండి. ఐఫోన్‌లో ‘ట్రాకింగ్’ తెరిచి, యాప్‌లు అడగడాన్నే ఆపేయండి. ప్రకటనలు తగ్గవు. వేర్వేరు యాప్‌లలో మీరు చేసే పనులని ఒకరి ఖాతాలోకే చేర్చడం మాత్రం కష్టమవుతుంది.

సరిచూసుకోవడం: ఆండ్రాయిడ్ 12 నుంచి ‘ప్రైవసీ డ్యాష్‌బోర్డ్’ ఉంది. గత 24 గంటల్లో ఏ యాప్ ఎన్నింటికి లొకేషన్, మైక్, కెమెరా వాడిందో చూపిస్తుంది. ఐఫోన్‌లో ‘యాప్ ప్రైవసీ రిపోర్ట్’ ఆన్ చేస్తే 7 రోజుల లెక్క చెబుతుంది. రెండు రోజులాగి చూడండి. మీరు నిద్రపోతున్న వేళ లొకేషన్ తీసుకున్న యాప్ ఉంటే దాని సంగతి చూడాల్సిందే.

హెచ్చరిక: యాప్ తీసేస్తే అకౌంట్ పోదు. ముందు యాప్ లోపలికి వెళ్ళి ‘డిలీట్ అకౌంట్’ చేయండి, ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

5. గూగుల్ దాచిన చరిత్ర

గూగుల్ అకౌంట్‌లో ‘మై యాక్టివిటీ’ పేజీ ఒక్కసారి తెరవండి. ఏదో ఒక మామూలు రోజు తీసుకుని కిందికి జరుపుతూ పొండి. పొద్దున్నే వెతికిన తలనొప్పి మందు, తర్వాత చూసిన ఇంటర్వ్యూ వీడియో, మధ్యాహ్నం తెరిచిన డాక్టర్ల జాబితా, రాత్రి అడిగిన “నిద్ర పట్టకపోతే”. అన్నీ టైముతో సహా ఉంటాయి. మీ సెర్చ్‌లో తప్పేమీ లేకపోయినా ఆ పేజీ ఇంకొకరు చదువుతున్నారనుకుంటే ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

అక్కడే ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ ఆపేయొచ్చు. ఆపడం ఇష్టం లేకపోతే ‘ఆటో డిలీట్’ పెట్టండి: 3, 18, 36 నెలలని మూడు గడువులుంటాయి, 3 ఎంచుకోండి. యూట్యూబ్ చరిత్రకి కూడా అదే చేయండి. మ్యాప్స్‌లో ‘టైమ్‌లైన్’ తెరిచి, అవసరం లేకపోతే ఆపి, పాతది తుడిచేయండి. దీనివల్ల మీ మెయిళ్ళు, ఫోటోలు పోవు, భయపడకండి.

6. పాత తలుపులు

‘గూగుల్‌తో లాగిన్’, ‘ఫేస్‌బుక్‌తో లాగిన్’ అని నొక్కిన ప్రతిచోటా ఒక దారి తెరిచే ఉంటుంది. రెండు అకౌంట్ల సెట్టింగ్స్‌లోనూ ‘కనెక్టెడ్ యాప్స్’ లాంటి పేరుతో జాబితా దొరుకుతుంది. గుర్తుపట్టలేనివన్నీ తీసేయండి. 2018లో బయటపడిన, రాజకీయ ప్రచారాలకి పనిచేసిన కేంబ్రిడ్జ్ అనలిటికా కంపెనీ వ్యవహారం మొదలైంది ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్‌తోనే. దాన్ని పెట్టుకున్నది సుమారు 2 లక్షల 70 వేల మంది. వాళ్ళ ద్వారా స్నేహితులతో కలిపి 8 కోట్ల 70 లక్షల మంది దాకా సమాచారం వెళ్ళి ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పింది. “మీరు పోయిన జన్మలో ఎవరు” లాంటి ఆటలు ఆడకండి, మీ స్నేహితుల కోసమైనా.

7. బ్రౌజర్

సఫారీ 2020 నుంచి, ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక సైట్‌లోని ట్రాకర్ (మీరు చూసేవి గమనించే ప్రోగ్రాం) మిమ్మల్ని ఇంకో సైట్‌కి వెంబడించే కుకీలకి, అంటే మీ బ్రౌజర్‌లో పెట్టే చిన్న గుర్తు ఫైళ్ళకి, తమంతట తామే అడ్డం పడుతున్నాయి. క్రోమ్‌లో మీరే సెట్టింగ్స్‌కి వెళ్ళి థర్డ్ పార్టీ కుకీలు (మీరు తెరిచిన సైట్‌వి కాక బయటివాళ్ళు పెట్టేవి) బ్లాక్ చేయాలి. దాని మీద ప్రకటనలనీ ట్రాకర్లనీ ఆపే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) ఒకటి, ఫైర్‌ఫాక్స్‌లో అయితే యూబ్లాక్ ఆరిజిన్, క్రోమ్‌లో అయితే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకోండి. ఏదైనా సైట్ సరిగా తెరుచుకోకపోతే ఆ ఒక్క సైట్‌కి ఆపి చూడండి. మొత్తం తీసేయకండి.

పొరపాటు జరిగేది ఇక్కడే: ప్రైవసీ కోసమని ఐదారు ఎక్స్‌టెన్షన్లు పెట్టేస్తారు. ఎక్స్‌టెన్షన్‌కి మీరు తెరిచే ప్రతి పేజీనీ చదివే అధికారం ఉండొచ్చు. ఒకటి చాలు. మిగతావి, కూపన్లు వెతికేవీ ధరలు పోల్చేవీ సహా, తీసేయండి.

కుకీల గురించి సైట్ అడిగినప్పుడు ‘అన్నీ ఒప్పుకుంటున్నా’ అనే పెద్ద బటన్ పక్కనో కిందో ‘రిజెక్ట్’ ఉంటుంది. అది వెతికి నొక్కండి.

8. ఫోటోలు, పోస్టులు

లొకేషన్ ఆన్‌లో ఉన్న కెమెరాతో తీసిన ఫోటో లోపల ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు రాసి ఉంటాయి. 2012 డిసెంబరులో తప్పించుకు తిరుగుతున్న, యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నాడని తెలిసింది ఒక పత్రిక పెట్టిన ఫోటోలోని ఆ అంకెల వల్లే.

ఇప్పుడే గ్యాలరీలో ఇంట్లో తీసిన ఫోటో ఒకటి తెరిచి పైకి జరపండి. మ్యాప్ కనిపించిందంటే ఫోటోలో మీ ఇంటి చిరునామా ఉన్నట్టే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి. ఐఫోన్‌లో పంపే ముందు ‘షేర్’లో ‘ఆప్షన్స్’ నొక్కి లొకేషన్ తీసేయొచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరాలు పోతాయి, కానీ క్లారిటీ తగ్గకూడదని ‘డాక్యుమెంట్’గా పంపితే అలాగే వెళ్తాయి. మెయిల్‌లో కూడా అంతే.

వివరాలు తీసేసినా బొమ్మలో కనిపించేది కనిపిస్తూనే ఉంటుంది. పిల్లల యూనిఫాం మీది స్కూలు పేరు, బండి నంబరు, వెనక గోడ మీది చిరునామా, బోర్డింగ్ పాస్ మీది బార్‌కోడ్. పోస్ట్ చేసే ముందు ఫోటోని పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. ఊరు వెళ్ళిన ఫోటోలు తిరిగొచ్చాక పెట్టండి. పిల్లల ఫోటోలు పెట్టడంలో నా అభిప్రాయం కచ్చితం: వాళ్ళు పెద్దయ్యాక కూడా తీసేయలేనిది ఈరోజు వాళ్ళని అడగకుండా పెట్టకూడదు.

9. వాట్సాప్

2016 నుంచి మెసేజీలు మీకూ అవతలివాళ్ళకీ మధ్య ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోకి మారి, వెళ్తున్నాయి. కానీ డ్రైవ్‌లో, ఐక్లౌడ్‌లో పడే బ్యాకప్ మీరు ఆన్ చేస్తే తప్ప అలా ఉండదు. చాట్ బ్యాకప్‌లో ‘ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్’ ఆన్ చేయండి. దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాయండి, మర్చిపోతే పాత చాట్‌లు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. టూ స్టెప్ పిన్ పెట్టండి. గ్రూపుల్లో చేర్చే అధికారం ‘మై కాంటాక్ట్స్’కే ఇవ్వండి. ‘లింక్డ్ డివైసెస్’ చూడండి: మీకు తెలియని కంప్యూటర్ అక్కడ ఉంటే మీ చాట్‌లు ఇంకొకరు చదువుతున్నట్టే. వెంటనే లాగవుట్ చేయండి.

10. ఫారాలు నింపేటప్పుడు

నక్షత్రం గుర్తు లేని గడి ఖాళీగా వదిలేయండి. పుట్టినతేదీ చిన్న విషయంలా అనిపిస్తుంది. పుట్టినతేదీ, ఆడో మగో, 5 అంకెల పిన్‌కోడ్, ఈ మూడిటితోనే అమెరికా జనంలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని పరిశోధకురాలు లతన్యా స్వీనీ 2000లో తేల్చారు. పేరు ఇవ్వకపోయినా సరే. బ్యాంకుకి, ప్రభుత్వానికి నిజం చెప్పాలి. వాల్‌పేపర్లిచ్చే సైట్‌కి చెప్పక్కర్లేదు.

అలాంటి సైట్లకి మారు మెయిల్ అడ్రసు వాడండి. ఫైర్‌ఫాక్స్ రిలే, ఆపిల్ వారి ‘హైడ్ మై ఈమెయిల్’ ఇందుకే ఉన్నాయి. చెత్త మెయిళ్ళు మొదలైతే ఆ ఒక్క అడ్రసు ఆపేస్తే సరి. గుర్తింపు కార్డు కాపీ పంపక తప్పకపోతే దాని మీద ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో అడ్డంగా రాసి పంపండి.

11. ఇప్పుడు ఇన్‌కాగ్నిటో, వీపీఎన్

ఇన్‌కాగ్నిటో చేసే పని ఒక్కటే: విండో మూశాక మీ ఫోన్‌లో చరిత్ర, కుకీలు మిగలవు. ఇతరుల కంప్యూటర్ వాడేటప్పుడు మంచిది. మీరు వెళ్ళిన సైట్‌కి, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కి మీరు కనిపిస్తూనే ఉంటారు. ఇన్‌కాగ్నిటోలో సేకరించిన సమాచారం మీద అమెరికాలో కేసు పడి, ఆ డేటాని నాశనం చేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది.

వీపీఎన్ పెట్టుకుంటే ఇంటర్నెట్ కంపెనీ చూడగలిగేది వీపీఎన్ కంపెనీ చూస్తుంది. మారేది చూసే మనిషే. ఫేస్‌బుక్ చేతిలో ఉన్న ఒనావో అనే ఉచిత వీపీఎన్ జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో లెక్క తీసింది. 2018లో ఆపిల్ స్టోర్ నుంచి అది పోయింది, 2019లో మూతపడింది. ఎవరు నడుపుతున్నారో తెలియని ఉచిత వీపీఎన్ ఉంటే ఈరోజే తీసేయండి. అడ్రసు ముందు ‘హెచ్‌టీటీపీఎస్’ ఉన్న సైట్‌లో మీరు టైప్ చేసేది దారిలో ఎవరూ చదవలేరు, సైట్ పేరు మాత్రం తెలుస్తుంది. పరాయి వైఫై తరచు వాడేవాళ్ళకీ, సైట్ పేరు తెలిసినా ప్రమాదం ఉన్నవాళ్ళకీ డబ్బు కట్టి వాడే మంచి వీపీఎన్ అవసరం. మిగతావాళ్ళకి పై పది పనులే ఎక్కువ మేలు చేస్తాయి.

అంతా అయ్యాక

ఇంటర్నెట్‌లో జనం హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వారి ‘కవర్ యువర్ ట్రాక్స్’ సైట్ తెరిచి పరీక్ష నొక్కండి. ట్రాకర్లకి మీ బ్రౌజర్ అడ్డం పడుతోందో లేదో చెబుతుంది. బ్రౌజర్ ‘యూనిక్’ (మిగతావాటి నుంచి విడిగా గుర్తుపట్టగలిగేది) అని వస్తే కంగారు పడకండి, చాలామందికి అదే వస్తుంది. చూడాల్సింది ట్రాకర్లు ఆగాయా అన్నదే.

తర్వాత లాగిన్ లేకుండా మీ పేరుని, ఫోన్ నంబరుని కొటేషన్లలో పెట్టి వెతకండి. పాత రెజ్యూమె, ఎప్పటిదో అమ్మకం ప్రకటన, ఏదో సంఘం సభ్యుల జాబితా బయటపడతాయి. ముందు ఆ సైట్‌కి రాసి తీసేయించండి. సైట్‌లో ఉన్నంతకాలం సెర్చ్ నుంచి తీసేయించినా లింకు తెలిసినవాళ్ళకి దొరుకుతూనే ఉంటుంది.

ఆఖరి పరీక్ష మీరు చేయలేరు. మీకు నమ్మకమైన ఒక స్నేహితుణ్ణి, మీతో కాంటాక్ట్‌లో లేని అకౌంట్ నుంచి పది నిమిషాలు మీ గురించి వెతకమనండి. ఇల్లు ఎక్కడ, పిల్లలు ఏ స్కూలు, రోజూ ఎన్నింటికి బయటికి వెళ్తారు, ఈ మూడిట్లో ఏ ఒక్కటి అతనికి దొరికినా ఎక్కడ దొరికిందో చూపించమని, ఆ పోస్ట్‌ని అతని ఎదురుగానే తీసేయండి.